చెట్టు పేరు – చెట్టు పటం: 4వ పాఠం
ఉత్తరాసియా ఆల్డర్

పోయిన పాఠం చివర ఒక పని చెప్పాను. సరుగుడు తోట కనిపిస్తే రాలిన కాయ ఒకటి జేబులో వేసుకోండి, తోట యజమాని ఒప్పుకుంటే లేత మొక్క మొదట్లో మట్టి తప్పించి వేళ్లు చూడండి అన్నాను. కోస్తా వాళ్లకు ఇది పావుగంట పని. మిగతా వాళ్లు పార్కుల్లో వెతుక్కోక తప్పదు.

కాయ దొరికిందనుకుందాం. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి తిప్పండి. గోళీ కంటే కాస్త పొడుగు, గరుకు, చుట్టూ వరుసల్లో చిన్న చిన్న నోళ్లు తెరుచుకుని ఉంటాయి. ఒక్కో నోటిలో రెక్క ఉన్న పలుచటి గింజ ఒకటి ఉండేది. కాయ ఎండితే గింజ ఎగిరిపోయింది, నోరు మిగిలింది. ఇక వేరు సంగతి. పిల్లవేరు మీద అక్కడక్కడ గోధుమరంగు బుడిపెలు గుత్తులుగా కనబడి ఉండాలి, పగడపు ముక్క అతికించినట్టు. వేరుశనగ వేళ్ల మీద ఉండే గుండ్రటి బుడిపెలు ఇవి కావు. వేరుశనగలో ఉండేది రైజోబియం వర్గపు సూక్ష్మజీవి. సరుగుడులో ఉండేది ఫ్రాంకియా అనే మరో రకం సూక్ష్మజీవి. రెండూ చేసేది ఒకటే, గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకు అందించడం.

ఇవాళ మనం చదవబోయే ఉత్తరాసియా ఆల్డర్ చెట్టు తెలుగు నేల మీద ఎక్కడా లేదు. అది సైబీరియాలో, రష్యా తూర్పు కొసన ఉన్న కమ్‌చాట్కాలో, జపాన్ కొండల్లో పెరుగుతుంది. అయినా దాని వేరు తవ్వితే ఇదే ఫ్రాంకియా, ఇలాంటి బుడిపెలే. దాని కాయ కూడా కొయ్యలా గట్టిపడి, గింజలు రాలిపోయాక చెట్టునే వేలాడుతూ ఉంటుంది. యాదృచ్ఛికం కాదు. సరుగుడు, ఆల్డర్ ఒకే క్రమానికి, అంటే కొన్ని కుటుంబాలు కలిసిన ఒకే గుంపుకు చెందినవి, ఆ క్రమం పేరు ఫాగేలీస్. కుటుంబాలు మాత్రం వేరు. ఆల్డర్ పుట్టిన కుటుంబం భూర్జానిది. పాత తాళపత్రాల గురించి చదివేటప్పుడు పక్కనే భూర్జపత్రాల మాట వస్తుంది కదా, హిమాలయాల్లో బెరడు పొరలు పొరలుగా ఊడే ఆ చెట్టుకు ఇది పినతండ్రి బిడ్డ లాంటిది.

మన చెట్టు శాస్త్రీయ నామం ఆల్నస్ హిర్సూటా. జపాన్ వాళ్లు కెయామాహన్నొకి అంటారు. ఆ మాటను విడదీస్తే సగం పాఠం అయిపోయినట్టే: ‘కె’ అంటే వెంట్రుక, ‘యామా’ అంటే కొండ, ‘హన్నొకి’ అంటే ఆల్డర్. నూగున్న కొండ ఆల్డర్. లాటిన్‌లో హిర్సూటా అన్నా వెంట్రుకలున్నది అనే. ఇద్దరూ చూసింది ఆకు వెనక వైపే.

ఈ పాఠంలో మీరు నేర్చుకోవలసింది ఒక్క పని: పటం చూసే ముందు పేరు చదవడం. ‘ఈ చెట్టు ఎక్కడెక్కడ ఉంది?’ అన్న ప్రశ్నకు జవాబు, ‘ఏది ఈ చెట్టు?’ అన్న ప్రశ్న తేలాకే వస్తుంది. ఇది పైకి చాలా చిన్న విషయం. నేను దాన్ని అర్థం చేసుకోవడానికి ఎంత కాగితం తగలేశానో కింద చెబుతాను.

ముందు చెట్టు

20 మీటర్ల దాకా ఎదిగే చెట్టు. బెరడు బూడిద గోధుమ రంగులో నున్నగా ఉంటుంది. నీళ్ల పక్కన, ఏటి గట్ల మీద, కొండచరియ జారిపోయిన కొత్త మట్టిలో ముందుగా వచ్చి నిలబడే రకం. సారం లేని మట్టిలో అది ఎలా బతుకుతుందో వేళ్లు చూశారు కాబట్టి మీకు మళ్లీ చెప్పనక్కర్లేదు.

ఆకు బొమ్మ గీసుకోండి. కొలతలు రాసుకోండి: పొడవు 4 నుంచి 9 సెంటీమీటర్లు, వెడల్పూ దాదాపు అంతే. అంటే ఇంచుమించు గుండ్రన. అంచు రెండు అంతస్తుల పని: ముందు పెద్ద మొద్దు తమ్మెలు, ఒక్కో తమ్మె మీద మళ్లీ సన్నటి రంపపు పళ్లు. మధ్య ఈనెకు రెండు పక్కలా 5 నుంచి 10 ఈనెలు. తిప్పి చూస్తే వెనక వైపు పాలిపోయి, ఈనెల వెంబడి తుప్పురంగు నూగు. ఆ నూగు కొన్ని చెట్లలో దట్టం, కొన్నింటిలో ఉందా లేదా అన్నంత పలుచన. ఈ చివరి వాక్యం కింద గీత పెట్టుకోండి. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

ఆ ప్రాంతంలోనే ఉండే ఇతర ఆల్డర్లతో పొరబడకుండా రెండు పరీక్షలు చాలు. మొదటిది మొగ్గ. శీతకాలంలో కొమ్మ మీది మొగ్గకు చిన్న కాడ ఉంటే మనది కావచ్చు. కాడ లేకుండా కొమ్మకే అతుక్కుని, పొలుసులు ఒకదాని మీద ఒకటి ఉంటే అది పొద ఆల్డర్ల వర్గం. సైబీరియా, కమ్‌చాట్కా కొండవాలుల మీద మనిషి దూరలేనట్టు అల్లుకునేవి అవే. ఆడపూల విషయంలోనూ తేడా ఉంది. పొద ఆల్డర్లు ఆడ కంకులను చలికాలమంతా మొగ్గ లోపల దాచుకుని, ఆకులతో పాటు బయట పెడతాయి. మన వర్గం వాటిని బయటే ఉంచుకుని, ఆకులు రాకముందే పూస్తుంది.

రెండో పరీక్ష ఆకు ఆకారం. జపాన్ ఆల్డర్, అంటే ఆల్నస్ జపోనికా, మొగ్గకూ కాడ ఉంటుంది కానీ ఆకు కోలగా సాగి కొన తేలుతుంది. పైగా అది బురద నేల చెట్టు. జపాన్ ఉత్తర దీవి హొక్కైదోలోని కుషిరో చిత్తడి నేలల్లో నిలబడేది అది. మనది పారే నీటి పక్కన ఉంటుంది. చెప్పుకోవడానికి ఇది తేలికే. కానీ రెండూ దగ్గర దగ్గరగా పెరిగిన చోట కలిసిపోయి సంకరం పుడుతుంది. దానికి ఆల్నస్ × మేయరై అని వేరే పేరే ఉంది. నడుమనున్న ఆ గుర్తు గుణకారం గుర్తు కాదు, సంకరం గుర్తు. హొక్కైదో నుంచి వచ్చిన ఆకు ఏ పరీక్షకూ లొంగకపోతే దాన్ని ‘సందేహం’ అని రాసి పక్కన పెట్టండి. బలవంతంగా ఏదో ఒక డబ్బాలో వేయకండి.

ఇప్పుడు పేరు

2వ పాఠంలో మారేడు పేరు విప్పాం, గుర్తుందా? ఈగిల్ మార్మెలోస్ (ఎల్.) కొరేయా. బ్రాకెట్లో ఉన్నది మొదట పేరు పెట్టిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు లినేయస్. ఆయన దాన్ని 1753లో వేరే ప్రజాతిలో, అంటే దగ్గరి జాతుల మరో గుంపులో పెట్టాడు. తర్వాత దాన్ని ఇప్పటి చోటుకు మార్చినవాడు కొరేయా, కాబట్టి ఆయన బ్రాకెట్ బయట. ఆ సూత్రాన్నే ఇక్కడ వాడండి.

ఆల్నస్ హిర్సూటా (స్పాఖ్) రుప్ర్.

బ్రాకెట్ లోపలి మనిషి ఎడ్వార్ స్పాఖ్, ఫ్రాన్స్‌లో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు. బయటి మనిషి ఫ్రాంజ్ రుప్రెఖ్ట్, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పనిచేసినవాడు. అయితే మారేడుకూ దీనికీ ఒక తేడా ఉంది. మారేడులో మారింది ప్రజాతి. ఇక్కడ మారింది హోదా. 1841లో భూర్జ కుటుంబాన్ని సమీక్షిస్తూ స్పాఖ్ ఈ చెట్టును సొంత జాతిగా గుర్తించలేదు. యూరప్‌లోని బూడిద ఆల్డర్‌కు, అంటే ఆల్నస్ ఇన్‌కానాకు, నూగు ఎక్కువున్న ఒక రకం అన్నాడు. అంటే ఇంకొకరి ఇంట్లో ఒక గది. 1857లో రుప్రెఖ్ట్ రష్యా, చైనాల సరిహద్దు నది అముర్ ప్రాంతపు మొక్కల మీద రాస్తూ దానికి వేరు కాపురం పెట్టించాడు.

మరి కొన్ని గ్రంథాల్లో ఇదే పేరు పక్కన ‘తుర్చ్. ఎక్స్ రుప్ర్.’ అని కనిపిస్తుంది. తుర్చ్ అంటే నికొలాయ్ తుర్చానినోవ్. ఇర్కుట్స్క్‌లో ఉద్యోగం చేస్తూ బైకాల్ చుట్టుపక్కల మొక్కలు పోగుచేసిన మనిషి. ‘ఎక్స్’ అనే ఆ చిన్న మాటకు అర్థం ఇది: పేరు తలచినది ముందున్నవాడు, అచ్చులో నియమం ప్రకారం ప్రకటించినది వెనకున్నవాడు. పేరు పెట్టినవాడు ఒకరు, బారసాల చేసినవాడు మరొకరు. ఒకే చెట్టుకు ఈ రెండు రాతలూ కనిపించినప్పుడు రెండు చెట్లున్నాయని కంగారు పడవద్దు. ఎవరి పాలు ఎంత అన్న లెక్కలో తేడా, అంతే.

వంశవృక్షం మొత్తం ఒకసారి పై నుంచి చూద్దాం. లినేయస్ 1753లో ఆల్డర్లను భూర్జాల్లోనే కలిపేశాడు. మరుసటి ఏడాదే ఫిలిప్ మిల్లర్ వాటిని ఆల్నస్ అని విడిగా పెట్టాడు. 1794లో మోయెంఖ్ బూడిద ఆల్డర్‌ను ఆల్నస్ ఇన్‌కానా అనే జాతి చేశాడు. దాని కింద స్పాఖ్ మన చెట్టును రకంగా పెట్టడం, రుప్రెఖ్ట్ విడదీయడం చూశాం. అక్కడితో ఆగిందా? లేదు. 1970లలో ఆస్కెల్ లవ్, డోరిస్ లవ్ దంపతులు దాన్ని తిరిగి ఇన్‌కానా ఇంట్లోకే తెచ్చారు. ఈసారి రకంగా కాదు, దానికి ఒక మెట్టు పైనున్న ఉపజాతిగా. పంపకాలు జరిగిన ఇల్లు మళ్లీ కలిసినట్టు. ఉమ్మడి కుటుంబాల్లో పెరిగిన వాళ్లకు ఈ శాస్త్రం మరీ కొత్తగా ఏమీ ఉండదు.

నూగు పలుచగా ఉన్న చెట్ల మాట మిగిలింది. స్పాఖ్ వాటికి సిబిరికా అని మరో రకం పేరిచ్చాడు. తర్వాత అదీ జాతి హోదాకు ఎక్కి ఆల్నస్ సిబిరికా అయింది. రష్యన్ గ్రంథాల్లో హిర్సూటా, సిబిరికా రెండూ వేర్వేరుగా కనిపించడం మామూలే. జపాన్‌లో నూగు లేని వాటిని ఉత్త యామాహన్నొకి అంటారు, ‘కె’ అక్షరం ఎగిరిపోతుంది. అటు అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు సార్జెంట్ 1897లో జపాన్ చెట్లకు ఆల్నస్ టింక్టోరియా అని మరో పేరు పెట్టాడు. టింక్టోరియా అంటే రంగు అద్దకానికి పనికొచ్చేది. ఆల్డర్ బెరడు నుంచి ఎర్రటి గోధుమరంగు వస్తుంది. ఉత్తరాసియాలో జింక తోళ్లకు ఆ రంగు వేసేవారు. పేరు బాగుంది కానీ నిలవలేదు. అదే చెట్టుకు ముందే పేరుంది కాబట్టి అది పర్యాయనామాల వరుసలో కూర్చుంది.

నా అభిప్రాయం అడిగితే, సిబిరికాను విడిగా లెక్కించడం నాకు నచ్చదు. నూగు ఒక్కటే పట్టుకుని జాతులు చేస్తే ఒకే ఏటి గట్టున రెండు జాతులు, వాటి నడుమ లెక్కలేనన్ని ‘సగం సగం’ చెట్లు తేలతాయి. ఈ పాఠంలో హిర్సూటా అంటే నూగున్నవీ, లేనివీ రెండూ. ఇన్‌కానా మాత్రం విడి. ఈ నిర్ణయాన్ని మీ కాగితం పైన, పటం గీయకముందే రాయండి. పటానికి అది శీర్షిక లాంటిది.

ఇక పటం

గ్రాఫ్ కాగితం తీసుకోండి. అడ్డంగా 100 నుంచి 165 డిగ్రీల తూర్పు రేఖాంశం, నిలువుగా 30 నుంచి 65 డిగ్రీల ఉత్తర అక్షాంశం. 5 డిగ్రీలకు ఒక సెంటీమీటరు చాలు. కింది చోట్లు గుర్తించండి. ఇవి నమూనాలు సేకరించిన చోట్లు కావు, ప్రాంతం తెలియడానికి పెట్టుకునే మైలురాళ్లు. ముందుది అక్షాంశం, రెండోది రేఖాంశం:

ఇర్కుట్స్క్ 52, 104
మగదాన్ 60, 151
పెట్రోపావ్లోవ్స్క్-కమ్‌చాట్‌స్కీ 53, 159
ఖబరోవ్స్క్ 48, 135
హార్బిన్ 46, 127
దక్షిణ సఖాలిన్ 47, 143
సప్పోరో 43, 141
సియోల్ 38, 127
షాన్‌డాంగ్ ద్వీపకల్పం 37, 121
క్యూషూ 33, 131

పెన్సిలుతో అంచులు కలపండి. పడమర తూర్పు సైబీరియా, ఉత్తరాన ఒఖోట్స్క్ తీరం, తూర్పున కమ్‌చాట్కా, కురిల్ దీవులు, దక్షిణాన క్యూషూ. మధ్యలో అముర్ లోయ, చైనా ఈశాన్య రాష్ట్రాలు, కొరియా. పై నుంచి కిందికి 27 డిగ్రీలు, డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున దాదాపు 3,000 కిలోమీటర్లు. మన దేశం ఉత్తర దక్షిణాల పొడవు 3,214. అంటే ఇంచుమించు కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా ఒకే చెట్టు.

అడ్డం లెక్కలో మాత్రం ఈ సూత్రం వాడకండి. 60 డిగ్రీల దగ్గర ఒక రేఖాంశ డిగ్రీ వెడల్పు భూమధ్యరేఖ దగ్గరి దానిలో సగమే, 55 కిలోమీటర్ల పైచిలుకు. మీ గ్రాఫ్ మీద ఉత్తరం ఉన్నదాని కంటే బాగా వెడల్పుగా కనిపిస్తుంది. పెద్ద పెద్ద పటాల్లో సైబీరియా అంత భారీగా కనిపించడానికి సగం కారణం ఇదే.

ఇప్పుడు మీరు గీసిన గీత లోపలంతా రంగు నింపాలని చెయ్యి తహతహలాడుతుంది. ఆపండి. ఉత్తరాన నేల ఏడాది పొడవునా లోపల గడ్డకట్టి ఉండే చోట్లు చాలా ఉన్నాయి. పారే నది కింద, దాని పక్కన ఇసుక, గులకరాళ్లలో మంచు కొంత లోతు దాకా కరిగి ఉంటుంది. అక్కడే చెట్టుకు వేరు దిగుతుంది. కమ్‌చాట్కా వరద మైదానాల్లో విల్లో, పోప్లర్ చెట్ల సరసన ఈ ఆల్డర్ కనిపించేది అందుకే. కాబట్టి ఉత్తర భాగంలో దీని పటం మచ్చలా ఉండదు, నదుల వెంట పరిచిన దారాల్లా ఉంటుంది. దక్షిణానికి వస్తే కథ తిరగబడుతుంది. వేడి పెరిగే కొద్దీ చెట్టు కొండెక్కుతుంది. చైనా ఈశాన్యంలో దీన్ని 700 నుంచి 1,500 మీటర్ల ఎత్తులో, ఏటి పక్కల చెబుతారు. జపాన్ వాళ్లు పేరులోనే ‘యామా’ పెట్టుకోవడం ఊరికే కాదు. అందుకని దక్షిణ భాగంలో రంగు కొండల మీదే పడాలి, మైదానాలు ఖాళీగా ఉండాలి.

షాన్‌డాంగ్ చుక్క దగ్గర ఒక్క నిమిషం ఆగండి. దానికీ ఎదుటి లియావోడాంగ్ తీరానికీ మధ్య 100 కిలోమీటర్ల సముద్రం ఉంది. చుక్క తప్పు పడిందేమో అనిపిస్తుంది. కాదు. మంచుయుగంలో సముద్రమట్టం బాగా దిగినప్పుడు అక్కడి లోతు తక్కువ నీళ్లు పొడి నేల. సఖాలిన్ కూడా అప్పుడు ప్రధాన భూమితో, హొక్కైదోతో కలిసే ఉండేది. ఇప్పటి పటంలో సముద్రం తెగగొట్టినట్టు కనిపించేది అప్పట్లో ఒకే నేల.

చుక్కలు అబద్ధమాడే తీరు

మైలురాళ్లతో గీసిన పటం గరుకు పటం. నునుపు చేయాలంటే హెర్బేరియం నమూనాల, అంటే ఎండబెట్టి షీటుకు అతికించి దాచిన కొమ్మల, వివరాలు కావాలి. జీబీఐఎఫ్ అనే అంతర్జాతీయ భండారంలో అవి ఉచితంగా దొరుకుతాయి. పేరు కొడితే వేల చుక్కలు తెర మీద రాలతాయి. నేను మొదటిసారి అలా దించుకున్న చుక్కలతో పటం గీసి, నా చెట్టు ఇంగ్లండులోనూ ఉందని సంబరపడి, ఒక చక్కటి వ్యాసం కూడా మొదలుపెట్టాను. తీరా చూస్తే అది ఉద్యానవనంలో ఎవరో నాటిన చెట్టు. నాలుగు పేజీలు చింపేశాను.

అప్పటి నుంచి వడపోత లేకుండా ఒక్క చుక్క కూడా నమ్మను. నాటిన చెట్లు మొదటి మోసం. కొరియా, జపాన్‌లలో కోతకు గురైన కొండవాలులను నిలబెట్టడానికి ఆల్డర్లు విరివిగా నాటారు. అక్కడ నాటినదేదో పుట్టినదేదో షీటు మీద సేకర్త రాస్తేనే తెలుస్తుంది. రెండోది సున్నా దగ్గరి చుక్క: అక్షాంశం 0, రేఖాంశం 0, ఆఫ్రికా పక్కన గినియా సింధుశాఖలో. అక్కడ చేపలుంటాయి, ఆల్డర్ ఉండదు. గడి ఖాళీగా వదిలేస్తే కంప్యూటర్ సున్నాగా చదివిన ఫలితం అది. అక్షాంశ రేఖాంశాలు తారుమారైనవి ఇక్కడ పట్టుకోవడం తేలిక, ఎందుకంటే అక్షాంశం 90 దాటదు. 104 అని ఉంటే ఎవరో అటూ ఇటూ రాశారని అర్థం.

అన్నిటికంటే గట్టి మోసం చుక్కలో ఉండదు, పేరులో ఉంటుంది. ఇన్‌కానా అని వెతికి చూడండి. హిర్సూటాను ఉపజాతిగా కలుపుకున్న లెక్క అయితే పటం యూరప్‌లో మొదలై సైబీరియా మీదుగా జపాన్ చేరి, ఉత్తర అమెరికాలోనూ పరుచుకుంటుంది. అక్కడి రెండు ఆల్డర్లు, తూర్పున రుగోసా, పడమట టెన్యుఫోలియా, అదే జాతికి ఉపజాతులు కాబట్టి. ఉత్తర ధ్రువం చుట్టూ వడ్డాణం పెట్టినట్టు ఉంటుంది. మీ గ్రాఫ్ కాగితం సరిపోదు. సిబిరికాను విడదీసిన లెక్క అయితే మన పటంలోంచే కొన్ని చుక్కలు లేచిపోతాయి. నేల మీద ఒక్క చెట్టూ కదల్లేదు, పటం మాత్రం మూడు రకాలు.

వచ్చే పాఠానికి పని

కింది మూడు పేర్లు విప్పండి. ఒక్కోదానికీ ఎవరు మొదట పెట్టారు, ఎవరు మార్చారు, అసలు మారిందా లేదా అన్నది ఒక్క వాక్యంలో రాయండి:

ఆల్నస్ జపోనికా (థన్‌బ్.) స్టాయిడ్.
ఆల్నస్ నిటిడా (స్పాఖ్) ఎండ్ల్.
ఆల్నస్ నేపలెన్సిస్ డి. డాన్

రెండో దానిలో బ్రాకెట్ లోపలి మనిషిని మీరు ఎరుగుదురు. మూడో దానిలో బ్రాకెట్ ఎందుకు లేదో ఆలోచించండి. చివరి రెండు చెట్లూ మన హిమాలయాలవి. నేపలెన్సిస్ నాగాలాండ్ దాకా వస్తుంది. అక్కడ ఖొనోమా ఊళ్లో పొలాల మధ్య దాన్ని మోడుగా నరికి, మళ్లీ చిగుర్చనిచ్చి, ఆ చెట్ల నడుమే పంట వేస్తారు. ఎందుకో సరుగుడు వేరు చూసిన వాళ్లకు ఈపాటికి తెలిసే ఉండాలి. 5వ పాఠం అక్కడ మొదలవుతుంది. గ్రాఫ్ కాగితం కొత్తది తీసుకోండి, ఈసారి అడ్డం 70 నుంచి 105, నిలువు 20 నుంచి 40.